మద్రాసు నుంచి చిక్కడపల్లి దాకా ఒక బొంత

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, బహుశా నేను పే కమిషన్ల చరిత్ర రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. అది నాకన్నా బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను బొంత గురించి రాస్తున్నాను. పాత చీరలు, పంచెలు, మిగిలిపోయిన ముక్కలు కలిపి కుట్టే బొంతకు చరిత్ర ఏమిటని మిత్రులు నవ్వవచ్చు. రాజులు కట్టిన పట్టుబట్టలు సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్నాయి. మన తాతలు కప్పుకొన్నవి మాత్రం కప్పుకొనీ కప్పుకొనీ పీలికలై పోయాయి. అందుకే ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

బొంతను సంస్కృతంలో కంథ అంటారు. బెంగాలీల కాంథా ఆ మాటే. మరాఠీవాళ్ళు గోధడీ అంటారు, కన్నడంవాళ్ళు కౌది అంటారు. బౌద్ధుల వినయ పిటకంలో ఒక ముచ్చట ఉంది. బుద్ధుడు మగధ దేశంలో పోతూ, గట్లతో మళ్ళు మళ్ళుగా ఉన్న వరిపొలాలను చూసి, భిక్షువుల బట్టలు ఇలా ముక్కలు కలిపి కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. అమరావతిలో, నాగార్జునకొండలో తిరిగిన భిక్షువులు కూడా ఆ అతుకుల చీవరాలే కట్టి ఉండాలి. అంటే గుడ్డ అతకడం మన నేల మీద లేమివల్ల మాత్రమే పుట్టిన పని కాదు.

కానీ మన భాషలో బొంతకు గౌరవం తక్కువ. గంతకు తగ్గ బొంత అని వెక్కిరిస్తాం. 1996లో ఢిల్లీలో పలు పార్టీల ప్రభుత్వం వచ్చినప్పుడు పత్రికలవాళ్ళు అతుకుల బొంత అని రాసేవారు. దేవెగౌడ గారి ప్రభుత్వం ఏడాది నిండకుండా పోయింది. ఏ తల్లి కుట్టిన బొంతా అంత తొందరగా ఊడిపోదు.

ఇంగ్లండువాళ్ళకు ఈ ముక్కల విలువ తెలిసి వచ్చింది మన బట్ట వల్లనే. 1611లో మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానం పెట్టింది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు అక్కడ ఎంత మోజు పుట్టించాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టారు. 1719లో లండన్‌లో అద్దకం బట్ట కట్టిన ఆడవాళ్ళ మీదపడి చింపారు కూడా. 1700లో దిగుమతి మీద ఒక చట్టం, 1721లో వాడకం మీదనే ఇంకో చట్టం తెచ్చారు. 1774 దాకా ఆ నిషేధం తీయలేదు. అలాంటి కాలంలో చినిగిన అద్దకం గుడ్డను పారేసేది ఎవరు? ఇంగ్లండు వాయవ్యాన లెవెన్స్ హాల్ అనే భవంతిలో 1708 ప్రాంతపు అతుకుల దుప్పటి ఉంది. ఆ దేశంలో దొరికిన పాత దుప్పట్లలో అది ముఖ్యమైనది. అందులోవి భారతదేశపు అద్దకం ముక్కలు. మన దేశపు చేతులు అద్దిన గుడ్డ అక్కడ ముక్కలై, దొరల మంచం మీద బొంత అయింది.

ఇక మా ఇంటి బొంత సంగతి. మా నాన్నగారు మద్రాసులో సెక్రటేరియట్ గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే, కర్నూలుకు రావలసి వచ్చింది. చాలా ఆఫీసులు డేరాల్లో నడిచిన సంగతి మన పెద్దల నోట వినే ఉంటారు. మాకు ఒక గది అద్దెకు దొరికింది. మద్రాసు నుంచి వచ్చిన ట్రంకు పెట్టెల్లో అమ్మ పాత నేత చీరలు రెండు, నాన్నగారి చినిగిన పంచెలు ఉన్నాయి. అమ్మ వాటితో బొంత మొదలుపెట్టింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. మేమూ మారాం. చిక్కడపల్లి, అశోక్‌నగర్, దోమలగూడ వాటాల్లో మాలాంటి గుమాస్తా కుటుంబాలు ఎన్నో దిగాయి. బొంత పైపొర అమ్మ ఇక్కడే పూర్తి చేసింది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లులో పనిచేసే ఒకాయన మా పక్క వాటాలో ఉండేవారు. 1920లో పెట్టిన మిల్లు అది. వాళ్ళావిడ ఇచ్చిన ముతక గుడ్డ అడుగుపొర అయింది. ఆ మిల్లు మూతబడి చాలా కాలమైంది గాని, ఇప్పటికీ డి.బి.ఆర్. మిల్లు దగ్గర అంటేనే ఆటోవాడికి అర్థమవుతుంది.

అమ్మ కుట్టే పద్ధతి ఇదీ. గుడ్డలు ముందుగా ఉతికి, గంజి అంతా పోగొట్టి, ఎండలో ఆరేసేది. గచ్చు మీద పొరలు పరిచి, నాలుగు మూలలా పీట, రోకలి, రుబ్బురోలు పొత్రం, నాన్నగారి ట్రంకు పెట్టె బరువు పెట్టేది. పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు కదలకుండా చేశాక, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చేది. దారం కొనేది కాదు, పాత చీర అంచు నుంచే లాగేది. ఇరుగమ్మా పొరుగమ్మా మధ్యాహ్నం వచ్చి తలో వైపు కూర్చొని కుట్టేవాళ్ళు. మద్రాసు కబుర్లు, కర్నూలు ఎండలు, ఇక్కడి ఉర్దూ మాటలు, అన్నీ అప్పుడే.

ఆ బొంత మధ్యలో పసుపచ్చ అంచుతో ఒక ఆకుపచ్చ ముక్క ఉండేది. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టుకొని నిద్రపోయేవాణ్ణి.

1978లో నాకు పెళ్ళయింది. కొత్త పరుపులు వచ్చాయి. సున్నాలు వేసే ముందు ఇల్లు సర్దుతుంటే, పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకొని మా వీధిలోకి వచ్చింది. అమ్మ గుడికి వెళ్ళి ఉంది. నేను ఒక టెరికాట్ ప్యాంటు, రెండు చొక్కాలు వేశాను, గిన్నె రాలేదు. పైన బొంత వేస్తే వచ్చింది. అమ్మ వచ్చి "బొంత ఏదిరా?" అంది. గిన్నె చూపించాను. దాన్ని చేత్తో ఎత్తి చూసి, "బరువుగానే ఉంది" అని లోపల పెట్టింది. ఆ మాట తప్ప మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ పోయాక పదోరోజున మా పిన్ని చెప్పింది, ఆ ఆకుపచ్చ ముక్క మా అక్క పరికిణీదని. అక్క కర్నూలులో 1955లో టైఫాయిడ్‌తో పోయింది. ఫోటో లేదు. ఆ పరికిణీ ముక్క ఒక్కటే ఉండేదట.

బొంత ఎందుకు పోయిందని పుస్తకాలు వెతకనక్కరలేదు, నాలాంటివాళ్ళే కారణం. పాతబట్టలకు గిన్నె వస్తుంటే కుట్టే ఓపిక ఎవరికి? దానికి తోడు టెరికాట్ వచ్చింది. అది ఎంత ఉతికినా మెత్తబడదు, చెమట పీల్చదు, పొర మీద పొర నిలవక జారిపోతుంది. బొంతకు పనికిరాని బట్ట మనమంతా కట్టడం మొదలుపెట్టాక బొంత ఎలా ఉంటుంది? తర్వాత షోలాపూర్ చద్దర్లు, పానిపట్ రగ్గులు చౌకగా వచ్చాయి. అయినా పసిపిల్లల కింద వేయడానికి అమ్మమ్మ నూలు చీర బొంత కోసం ఇప్పటికీ వెతుకుతారు. ఆ ఒక్క చోట అది ఇంకా బతికి ఉంది.

అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలంపని చొక్కాలు, నీలం ప్యాంట్ల ముక్కలతో కుట్టుకొన్న బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. తర్వాత 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. అక్కడా చలికి కప్పుకోవడానికి కుట్టినవే.

రిటైరయ్యాక నాకు ఈ పని పట్టుకుంది. మిత్రులొకరు "సూదీ దారమూ పట్టుకొని ఇదేం పనండీ" అన్నారు. దబ్బనంతో వోచర్లు కుట్టిన చేతులు కదండీ మనవి అన్నాను. పెద్ద బొంత నావల్ల కాదు, నడుము ఒప్పుకోదు. పి.పి.ఓ. పెట్టుకొనే సంచి, లైబ్రరీకి తీసుకెళ్ళే సంచి, గ్లాసుల కింద వేసే చిన్న గుడ్డలు కుట్టాను. కిందటేడు మనవరాలికి పాప పుడితే రెండడుగుల బొంత కుట్టి ఇచ్చాను. చుట్టూ పావు అంగుళం వదిలి పాత ఫైలు అట్టతో నలుచదరాలు గీసుకుంటే ముక్కలు సరిగ్గా కలుస్తాయి. రంగు దిగే గుడ్డను ముందే ఉప్పునీళ్ళలో వేసి చూసుకోవాలి. మా సందు చివర టైలరు కుర్రాడు శనివారం సాయంత్రం ముక్కల సంచి ఇస్తాడు. "సార్, నూలువి పక్కన పెట్టాను" అంటాడు. కళ్ళజోడు ఉన్నా సూదిలో దారం ఎక్కించేది మాత్రం మా ఆవిడే.

కర్నూలు రోజుల నాటి బొంత ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి సంఘం ఆఫీసులో చెప్పండి, వచ్చి చూస్తాను. ఏ ముక్క ఎవరిదో తెలిసినవాళ్ళు ఉంటే ఒక కాగితం మీద రాయించి దానికి కుట్టి ఉంచండి. మా ఇంట్లో ఆ స్టీలు గిన్నె ఇంకా ఉంది. టైలరు ఇచ్చిన ముక్కలు అందులోనే వేసుకుంటున్నాను.