గల్ఫ్‌లో ఇంగ్లీష్ టీచర్లు: జీతంతో పాటు అదనపు సంపాదన – ఏది చట్టబద్ధం, ఏది ప్రమాదం?

హైదరాబాద్, నిజామాబాద్, కడప, కర్నూలు... ఇలా రెండు తెలుగు రాష్ట్రాల్లోని చాలా ఊళ్ల నుంచి డిగ్రీ, బీఈడీ చేసినవాళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్లి స్కూళ్లలో, ఇన్‌స్టిట్యూట్‌లలో ఇంగ్లీష్ చెబుతున్నారు. వెళ్లేటప్పుడు జీతం బాగానే కనిపిస్తుంది. అద్దె, పిల్లల ఫీజులు, ఇంటికి పంపాల్సిన డబ్బు, వెళ్లడానికి చేసిన అప్పు లెక్కేసుకుంటే నెలాఖరుకి మిగిలేది తక్కువ. దాంతో సాయంత్రం రెండు ట్యూషన్లు చెప్పుకుందాం, ఆన్‌లైన్‌లో క్లాసులు తీసుకుందాం అనే ఆలోచన వస్తుంది.

ఆలోచన తప్పు కాదు. అయితే మన దగ్గర ట్యూషన్ చెప్పడానికి ఇంటి ముందు ఒక బోర్డు పెడితే సరిపోతుంది. గల్ఫ్‌లో అలా కుదరదు. మీ వీసా ఏ పనికి, ఏ యజమాని దగ్గర ఇచ్చారో ఆ పనికే పరిమితం. అదనపు పని చేయాలంటే దానికి వేరే అనుమతి ఉండాలి. ఏ దేశంలో ఏ దారి ఉందో చూద్దాం.

యూఏఈ: ట్యూషన్‌కు ప్రత్యేక పర్మిట్

యూఏఈలో ప్రైవేట్ ట్యూషన్ చాలా ఏళ్ల పాటు చాటుమాటుగానే నడిచింది. 2023 డిసెంబర్‌లో అక్కడి కార్మిక శాఖ (మోహ్రే), విద్యాశాఖ కలిసి ప్రైవేట్ టీచర్ వర్క్ పర్మిట్‌ను ప్రవేశపెట్టాయి. స్కూలు బయట ఒక్కరికైనా, కొంతమందికి కలిపైనా పాఠాలు చెప్పడానికి ఈ పర్మిట్ ఉండాలి.

ముఖ్యమైన విషయాలు ఇవి:

• పర్మిట్‌కు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.
• ప్రభుత్వ, ప్రైవేట్ స్కూళ్ల టీచర్లు, వేరే ఉద్యోగాలు చేసేవాళ్లు, ఉద్యోగం లేనివాళ్లు, యూనివర్సిటీ విద్యార్థులు, 15 నుంచి 18 ఏళ్ల స్కూలు విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు.
• దరఖాస్తు మోహ్రే వెబ్‌సైట్ లేదా యాప్‌లో చేయాలి. ఐదు పనిదినాల్లో నిర్ణయం చెబుతారు.
• తిరస్కరిస్తే మళ్లీ దరఖాస్తుకు ఆరు నెలలు ఆగాలి. అందుకే కాగితాలన్నీ సరిచూసుకుని మొదటిసారే సరిగ్గా పెట్టడం మంచిది.
• ఎమిరేట్స్ ఐడీ, ఫోటో, సత్ప్రవర్తన సర్టిఫికెట్, సంతకం చేసిన ప్రవర్తనా నియమావళి అడుగుతారు. ఉద్యోగం చేస్తున్నవాళ్లు యజమాని నుంచి ఎన్ఓసీ కూడా పెట్టాలి.

‘ఉద్యోగం లేనివాళ్లు’ అనే మాట మన కుటుంబాలకు చాలా ముఖ్యం. భర్త వీసా మీద ఉండి, ఊళ్లో టీచర్‌గా పనిచేసిన అనుభవం ఉన్న ఆడవాళ్లు ఎంతోమంది అక్కడ ఇంట్లోనే ఉండిపోతున్నారు. వాళ్లు కూడా ఈ పర్మిట్ తీసుకుని పక్క ఫ్లాట్ల పిల్లలకు చట్టబద్ధంగా పాఠాలు చెప్పుకోవచ్చు. స్కూల్లో చేరాలనుకుంటే స్పాన్సర్‌షిప్ మార్చుకోనవసరం లేదు. భర్త వీసా మీదే ఉండి స్కూలు ద్వారా వర్క్ పర్మిట్ తీసుకోవచ్చు.

ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం క్లాసులు చెప్పడం వేరే సంగతి. దానికి పార్ట్ టైమ్ వర్క్ పర్మిట్ కావాలి. అది తీయాల్సింది ఆ ఇన్‌స్టిట్యూట్. ‘ముందు చేరండి, పర్మిట్ తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకునే యజమానికి జరిమానాను 2024లో లక్ష దిర్హమ్‌ల నుంచి పది లక్షల దిర్హమ్‌ల వరకు పెంచారు. కేసు అయితే అందులో మీ పేరూ ఉంటుంది. విజిట్ వీసా మీద ఉండి క్లాసులు చెప్పడం అసలు పనికిరాదు.

సౌదీ అరేబియా: ఇక్కడ చాలా జాగ్రత్త

సౌదీ కార్మిక చట్టం 39వ ఆర్టికల్ స్పష్టంగా ఉంది. చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా యజమాని తన మనిషిని మరొకరి దగ్గర పనికి పంపకూడదు. ఉద్యోగి మరొకరి దగ్గర పని చేయకూడదు, సొంతంగా కూడా పని చేసుకోకూడదు. ఇళ్లకు వెళ్లి డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పడం ఈ ‘సొంత పని’ కిందికే వస్తుంది.

పట్టుబడితే ఏమవుతుందో అక్కడి పాస్‌పోర్ట్ శాఖ (జవాజాత్) తరచుగా హెచ్చరిస్తూనే ఉంటుంది. సొంత ఖాతాలో పని చేసే విదేశీయుడికి 50,000 రియాళ్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, ఆపై డిపోర్టేషన్. ‘భాయ్, ఇక్కడ అందరూ చేస్తున్నారు, ఏం కాదు’ అని రూమ్మేట్ చెప్పే మాట ఆ రోజు మిమ్మల్ని కాపాడదు.

మరి దారి లేదా? ఉంది. అజీర్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా ఒక సంస్థ ఉద్యోగి మరో సంస్థలో కొంతకాలం పనిచేయడానికి అనుమతి తీసుకోవచ్చు. ఇది రెండు సంస్థల మధ్య కాగితం మీద జరగాలి. కఫీల్ నోటిమాటతో ‘వెళ్లి చేసుకో’ అంటే అది అనుమతి కాదు. ఇక జీతమే సమస్య అయితే ఉద్యోగం మారడం గురించి ఆలోచించండి. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణలతో, షరతులకు లోబడి, పాత యజమాని సమ్మతి లేకుండానే కొత్త యజమాని దగ్గరికి మారే వీలు వచ్చింది. ఆ బదిలీ కివా ప్లాట్‌ఫామ్ మీద జరుగుతుంది. దొంగచాటు ట్యూషన్ల కంటే ఎక్కువ జీతమున్న ఉద్యోగమే మేలు.

కువైట్: రోజుకు నాలుగు గంటలు

ప్రైవేట్ రంగంలో పనిచేసేవారికి కువైట్ 2024 జనవరి నుంచి పార్ట్ టైమ్ పర్మిట్ ఇస్తోంది. సాహెల్ యాప్‌లో దరఖాస్తు చేయాలి. అసలు యజమాని ఒప్పుకోవాలి. రోజుకు నాలుగు గంటలు మించకూడదు. ఫీజు నెలకు 5 దీనార్లు, మూడు నెలలకు 10, ఆరు నెలలకు 20, ఏడాదికి 30. ఈ పర్మిట్ ఫలానా సంస్థలో పని కోసం ఇస్తారు. దాన్ని పట్టుకుని ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెప్పొచ్చని అనుకోకండి.

ఆన్‌లైన్ క్లాసులు ఎవరికీ తెలియవా?

చాలామంది అనుకునేది ఇదే: గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చెబితే ఎవరికి తెలుస్తుంది? విద్యార్థి ఏ దేశంలో ఉన్నా, మీరు కూర్చుని పని చేస్తున్నది ఏ దేశంలోనో ఆ దేశపు నియమాలే ముందు చూసుకోవాలి. పైగా చాలా స్కూళ్ల కాంట్రాక్టుల్లో ‘వేరే ఆదాయం వచ్చే పని చేయరాదు’ అనే షరతు ఉంటుంది. సంతకం పెట్టిన కాగితాన్ని ఒకసారి తీసి చదవండి.

ఆన్‌లైన్ ఆదాయం మీదే ఆధారపడి అప్పులు చేయడం కూడా మంచిది కాదు. 2021 జూలైలో చైనా ట్యూషన్ వ్యాపారంపై ఆంక్షలు పెట్టి, విదేశాల్లో ఉన్న టీచర్లతో క్లాసులు చెప్పించకూడదంది. చైనా పిల్లలకు ఇంగ్లీష్ చెబుతూ బతుకుతున్న వేలాదిమంది టీచర్ల పని కొద్ది నెలల్లోనే పోయింది.

ఇండియాలో పన్ను సంగతి

ఎన్ఆర్ఐ హోదా ఉన్నవారు విదేశంలో సంపాదించి అక్కడే అందుకున్న జీతానికి ఇండియాలో పన్ను లేదు. అది ఎన్ఆర్ఈ ఖాతాలోకి పంపుకోవచ్చు. ఆ ఖాతా వడ్డీకీ పన్ను ఉండదు.

కానీ షార్జాలో కూర్చుని హైదరాబాద్ పిల్లలకు పాఠం చెప్పి, ఫీజు నేరుగా ఇండియాలోని ఖాతాకు ఫోన్‌పేలో వేయించుకుంటే లెక్క మారుతుంది. ఇండియాలో అందుకున్న ఆదాయానికి ఇక్కడ పన్ను వర్తిస్తుంది. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదని అందరూ చెప్పుకునే మినహాయింపు రిబేట్ రూపంలో వస్తుంది. ఆ రిబేట్ ఇండియా రెసిడెంట్లకే, ఎన్ఆర్ఐలకు కాదు. అలాగే ఎన్ఆర్ఐ అయ్యాక పాత సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచకూడదు, ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి.

గంటకు నిజంగా ఎంత మిగులుతుంది?

ఒక లెక్క వేద్దాం. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటన్నర, గంటకు 80 దిర్హమ్‌లు అనుకుందాం. వారానికి 480. రానుపోను టాక్సీకి రోజుకు 50 అయితే 200 పోతుంది. మిగిలేది 280. పాఠానికి ఆరు గంటలు, ప్రయాణానికి నాలుగు, తయారీకి రెండు కలిపితే 12 గంటలు. అంటే గంటకు 23 దిర్హమ్‌లే. అదే పిల్లలు మీ బిల్డింగ్‌లోనే ఉంటే, లేదా ముగ్గురికి కలిపి ఒకేచోట చెబితే లెక్క పూర్తిగా వేరుగా ఉంటుంది. అందుకే ఫీజు ఎంత అనే దానికంటే దూరం ఎంత అన్నది ముందు చూడాలి.

రంజాన్ నెలను కూడా లెక్కలో పెట్టుకోండి. యూఏఈలో ప్రైవేట్ రంగంలో పని గంటలు రోజుకు రెండు తగ్గుతాయి. కానీ ఇఫ్తార్, తరావీహ్ వల్ల సాయంత్రం క్లాసుల సమయాలు మార్చుకోవాలి. వేసవి సెలవుల్లో కుటుంబాలు స్వదేశాలకు వెళ్తాయి కాబట్టి ట్యూషన్లు బాగా తగ్గుతాయి. ఏడాదికి పన్నెండు నెలల ఆదాయం అనుకోకుండా ఎనిమిది, తొమ్మిది నెలలే అనుకుని బడ్జెట్ వేసుకోండి.

మొదలుపెట్టే ముందు

• కాంట్రాక్టులో అదనపు పని గురించి ఏం రాశారో చూడండి.
• అనుమతి ఏదైనా రాతపూర్వకంగా తీసుకుని, కాపీ ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఉంచండి.
• మీ క్లాసు పిల్లలకే డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పకండి. మార్కులు వేసేది మీరే కాబట్టి అది అనుమానాలకు దారితీస్తుంది, ఉద్యోగం పోవచ్చు.
• పర్మిట్ ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి. యూఏఈలో ఆ ట్యూషన్ పర్మిట్ ఉచితం.
• నియమాలు మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆ దేశ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి.
• ఇబ్బంది వస్తే భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఊరి నుంచి కుటుంబసభ్యులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఊళ్లో ఉన్న కుటుంబాలకు కూడా ఒక మాట. ‘పక్కింటి అబ్బాయి ట్యూషన్లతోనే ఇల్లు కట్టేశాడు, నువ్వెందుకు చేయవు?’ అని ఫోన్‌లో అడిగే ముందు, ఆ అబ్బాయి ఏ దేశంలో ఉన్నాడు, ఏ పర్మిట్ మీద చేస్తున్నాడు అని ఒకసారి కనుక్కోండి. దుబాయ్‌లో ఉచితంగా దొరికే పర్మిట్‌తో చేసే పనే, రియాద్‌లో డిపోర్టేషన్ దాకా తీసుకెళ్లవచ్చు. అలా తిరిగి వస్తే అదనపు సంపాదనతో పాటు అసలు జీతం కూడా పోతుంది. అప్పు మాత్రం అలాగే ఉంటుంది.