అక్కయ్య కాఫీ, సుల్తాను ఫర్మానా

మా అక్కయ్యకు పోయిన ఏడాది హైదరాబాదులో ఆపరేషనైంది. బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే ఆపరేషన్. షుగరు, మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం - వీటితో పదేళ్లు వేగి వేగి, చివరికి ధైర్యం చేసింది. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో వద్దన్నవాటి పట్టీ చాంతాడంత ఉంది. పూరీలు, పకోడీలు, మిఠాయిలు - అన్నిటికీ తలూపుతూ వచ్చిన అక్కయ్య ఒక్కచోట ఆగిపోయింది.

"కాఫీ కూడానా?" అంది.

"ఒక్క నెల ఓపిక పట్టండమ్మా. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు డాక్టరు.

నెలంటే ఆయనకు ముప్ఫై రోజులే. అక్కయ్య ఇంట్లో ఇత్తడి ఫిల్టరు ఆవిడ కాపురానికొచ్చిన నాటిది. పొద్దున్నే డికాక్షన్ వాసన వస్తేనే గాని ఆ ఇల్లు నిద్ర లేవదు.

అయితే కాఫీని కాదన్నవాళ్లలో ఈ డాక్టరు మొదటివాడేం కాదు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి, జనం గుమిగూడి కాఫీ తాగడం చూసి సహించలేకపోయాడు. పండితులను సమావేశపరిచాడు. కాఫీ ఒంటికి చేటని ఇద్దరు వైద్యులచేత సాక్ష్యం కూడా చెప్పించి, నిషేధం పెట్టాడు. సంగతి కైరోలోని సుల్తానుదాకా వెళ్లింది. అక్కణ్నుంచి వచ్చిన ఫర్మానా అంత కఠినంగా లేదు. కాఫీ పేరుతో గుంపులు కూడవద్దంది గాని, అసలు కాఫీయే తాగవద్దని అనలేదు!

ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్‌దీ అదే బాధ. కాఫీ హౌసుల్లో కూచుని జనం ప్రభుత్వం మీద లేనిపోని మాటలు పుట్టిస్తున్నారని, 1675 డిసెంబరులో వాటిని మూసెయ్యమని ప్రకటించాడు. ఊరంతా గగ్గోలెత్తింది. నిషేధం అమలుకు రావలసిన రోజు రాకముందే, జనవరిలో, పాపం, తనే వెనక్కి తగ్గాడు.

అంటే ఏలినవారి భయం కాఫీ మీద కాదు, దాని చుట్టూ చేరే మనుషుల మీద.

మరి మా డాక్టరుగారి భయం? అది అచ్చంగా కడుపు గురించే. దానికీ ఒక కథ ఉంది. 1881 జనవరిలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జను, కాన్సరు సోకిన ఒక స్త్రీకి జీర్ణాశయంలో కొంతభాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టాడు. అటువంటి ఆపరేషన్ ఫలించడం అదే మొదలు. అది జరిగింది కూడా కాఫీ హౌసులకు పేరుమోసిన వియన్నాలోనే! తర్వాత తర్వాత అల్సర్లకూ ఇలాగే కోసేవారు. అలా కోయించుకున్నవాళ్లు చిక్కిపోయి, మళ్లీ ఒళ్లు చెయ్యకపోవడం డాక్టర్ల కంటపడింది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను, 1966లో బరువు తగ్గించడానికే ఆ ఉపాయం వాడాడు. దానికే గ్యాస్ట్రిక్ బైపాస్ అని పేరు. మా అక్కయ్యకు చేసిందీ ఆ వంశంలోదే.

ఈ ఆపరేషన్ తర్వాత కడుపు పైభాగాన మిగిలే సంచిలో సుమారు 30 మిల్లీలీటర్లు పడతాయి. మనం తాగే కాఫీ గ్లాసు 150 అనుకుంటే, అందులో అయిదోవంతన్నమాట. పైగా కుట్లు పచ్చిగా ఉంటాయి. కాఫీ కడుపులో ఆమ్లం ఊరిస్తుంది. కుట్టు దగ్గర పుండుపడితే ప్రమాదం. రోజుకు లీటరున్నరదాకా నీళ్లు గుక్కగుక్కగా తాగాలి గదా, ఉన్న కాస్త చోటూ కాఫీకిచ్చేస్తే నీళ్లెక్కడికి పోతాయి? ఇక పంచదార దండిగా వేసుకుంటే, అది ఒక్కసారిగా పేగులోకి దిగి గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం. రక్తం పట్టడానికిచ్చే ఐరన్ మాత్రను కాఫీతో మింగితే, అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కొందరు డాక్టర్లు నెల చాలంటారు, మరికొందరు మూడు నెలలంటారు. ఎవరి డాక్టరు మాట వాళ్లకు వేదం.

ఇదంతా విన్నాక మేం మహా జాగ్రత్తపరులమైపోయాం. అక్కయ్య ఎదుట కాఫీ తాగడం పాపమనుకుని, పిల్లలు పెరట్లోకి, బావగారు వీధి చివర హోటలుకి, నేను వంటింటి తలుపు చాటుకీ చేరాం. నాలుగోనాడు అక్కయ్య నన్ను పిలిచింది.

"ఒరేయ్, మీరు తాగితే నాకేం బాధ లేదురా. కాఫీ వేళకు అందరూ నా దగ్గర్నుంచి లేచిపోతున్నారే, అదిరా బాధ!"

నాకు సుల్తాను ఫర్మానా గుర్తొచ్చింది. ఆయన కాఫీ తాగండి గాని గుంపు కూడకండి అన్నాడు. డాక్టరు కాఫీ ఒక్కటే మానమన్నాడు, గుంపు కూడవద్దనలేదు. ఆయన అననిదాన్ని కూడా మేమే నిషేధించాం!

మర్నాటినుంచి కాఫీలన్నీ అక్కయ్య మంచం దగ్గరే. ఆవిడ తన పాత గ్లాసులోనే గోరువెచ్చని నీళ్లు చప్పరిస్తూ, మా కబుర్లన్నిటికీ తీర్పులు చెప్పేది.

నెల దాటాక డాక్టరు సరేనన్నాడు. పలచగా, పంచదార లేకుండా, రెండు మూడు గుక్కలు. బావగారే స్వయంగా కలిపి తెచ్చారు. అక్కయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చేదుగా ఉందండీ" అంది.

గ్లాసు మాత్రం అరగంటసేపు కింద పెట్టలేదు.