రీగా స్వాతంత్ర్య స్తంభము: మూలము, వ్యాఖ్య

లాత్వియా రాజధానియగు రీగాలో పాత నగరము దాటి వచ్చు యాత్రికునకు కన్పట్టు మొదటి ఘన నిర్మాణము స్వాతంత్ర్య స్తంభము. శిల్పి కార్లిస్ జాలె. వాస్తువేత్త ఎర్నెస్ట్స్ ష్టాల్‌బెర్గ్స్. 42 మీటర్ల యీ స్తంభము 1935 నవంబరు 18వ తేదీన ఆవిష్కృతమయ్యెను. శిఖరమునందలి స్త్రీమూర్తి మూడు నక్షత్రముల నెత్తి పట్టినది. అవి కుర్జెమె, విద్జెమె, లాత్గలె యను దేశభాగములకు సంకేతములు.

1940లో సోవియట్ సేనలు ప్రవేశించినవి. 1941 జూన్ 14న 15,000కు పైబడిన జనులను రైలుబండ్ల కెక్కించి ప్రవాసమున కంపిరి. 1949 మార్చిలో మరి 42,000 మందిని. అయినను స్తంభమును కూల్చలేదు. ఆ తారలు మూడును బాల్టిక్ గణరాజ్యములనియు, వానిని ధరించినది రష్యామాతయనియు క్రొత్త యర్థము చెప్పిరి. మూలము నిలిచినది, వ్యాఖ్య మారినది. తాళపత్రములతో పరిచయముగల మనకు ఈ యుపాయము బొత్తిగా క్రొత్తది కాదు! 1950లో అదే వీథిలో వెలసిన లెనిన్ విగ్రహము స్తంభమునకు పెడమొగమై నిలిచెను.

క్రొత్త వ్యాఖ్యను జనులు నమ్మిరా? పీఠముపై 'పితృభూమికి, స్వేచ్ఛకు' అను అక్షరములు చెరుపబడలేదు. 1987 జూన్ 14న హెల్సింకి-86 సంఘమువారు ప్రవాసితుల స్మృతికై అచ్చట బహిరంగముగా పుష్పము లుంచిరి. నాలుగేండ్లకు, 1991 ఆగస్టులో, లెనిన్ విగ్రహమును తొలగించిరి.

ఆ వీథి పేరును పరిశీలింపదగినదే. జారు కాలమున అలెగ్జాండరు వీథి; తరువాత స్వాతంత్ర్య వీథి; నాజీల యేలుబడిలో హిట్లరు వీథి; సోవియట్ కాలమున లెనిన్ వీథి; నేడు మరల స్వాతంత్ర్య వీథి. అందు 61వ సంఖ్యగల భవనమున కె.జి.బి. కార్యాలయ ముండెను. జనులు దానిని 'మూలయిల్లు' అందురు.