సృజనాత్మకత: రకాలు, నెల్లూరు ప్రాంతపు ఉదాహరణలు

కొత్తదాన్ని, విలువైనదాన్ని పుట్టించే మనిషి శక్తి సృజనాత్మకత. బ్రిటిష్ తత్వవేత్త మార్గరెట్ బోడెన్ దీన్ని మూడు రకాలుగా చెప్పారు: తెలిసినవాటిని కొత్తగా కలపడం, ఉన్న పద్ధతిలోనే లోతుకు వెళ్లడం, పద్ధతినే మార్చేయడం.

మొదటిదానికి నెల్లూరు చేపల పులుసు చాలు. చింతపండు పులుపు ఉండగానే మామిడికాయ ముక్కలూ వేస్తారు.

రెండోదానికి తిక్కన. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న ఈ కవి మహాభారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించాడు. కథ మూలానిదే, పాత్రల మాటతీరు మాత్రం అచ్చంగా తెలుగువాళ్లది. వెంకటగిరి నేతగాళ్లదీ ఇదే దారి: జాందానీ నేతలో బుటా కోసం పడుగు పోగుల మధ్య రంగుదారాన్ని చేత్తోనే, వరుస తర్వాత వరుసగా చొప్పిస్తారు.

మూడోదానికి ఇక్కడ ఉదాహరణ చూపలేదు; ఈ మూడు రకాలకూ వేరుగా, శ్రీహరికోట రాకెట్ కేంద్రానిది పలువురు కలిసి చేసే సమష్టి సృజన. 2017 ఫిబ్రవరి 15న అక్కణ్ణుంచి ఎగిరిన రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను, ఒకదానికొకటి తగలకుండా, కక్ష్యలో వదిలింది.