కంటికందని వెలుగులో ఛాయాచిత్రాలు

సూర్యకిరణాన్ని పటకం గుండా పంపితే ఏడు రంగులు విడివడతాయి. కాని వెలుగు ఆ ఏడు రంగులతోనే ముగియదు. 1800లో విలియం హెర్షెల్ ఎరుపుకు ఆవల, రంగేమీ కానరాని చోట ఉష్ణమాపకాన్ని ఉంచగా పాదరసం పైకి ఎక్కింది. మరుసటి ఏడు జర్మనీలో రిట్టర్, ఊదాకు ఆవలి చీకటిలో సిల్వర్ క్లోరైడు త్వరగా నల్లబడటం గమనించాడు. మొదటివి పరారుణ కిరణాలు; రెండవవి అతినీలలోహిత కిరణాలు. వీటిని ఫోటోలో పట్టిన చరిత్రలో తెలుగుదేశపు తూర్పుతీరానికి కూడ చోటున్నది.

వెండి లవణాల మీద స్వభావసిద్ధంగా నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలే పనిచేస్తాయి, ఎరుపు పనిచేయదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుండి టెన్నెంట్ బృందం ఆరు ఫలకాల మీద చిత్రించింది. సూర్యుని అంచున ఎగసిన జ్వాలలు కంటికి ఎర్రనివే. ఫలకం మీద ముద్ర వేసినది మాత్రం వాటిలోని నీలము, ఊదా, దాని కావలి వెలుగూను.

అతినీలలోహితానికి అడ్డు ఫలకం కాదు, కటకం. సాధారణమైన గాజు సుమారు 3500 ఆంగ్‌స్ట్రాముల కంటె పొట్టి తరంగాలను చాలవరకు మింగివేస్తుంది. అందుచేత క్వార్ట్జు కటకాలు వాడవలసివచ్చింది. ఇంకా పొట్టి తరంగాలను జెలటిన్ సైతం మింగుతుంది గనుక, షూమన్ 1890లలో జెలటిన్ దాదాపు లేని ఫలకాలు తయారుచేశాడు.

పరారుణం సంగతి వేరు. ప్రత్యేకమైన రంగుద్రవ్యాలు కలిపితేగాని ఫిల్ముకు అది సోకదు. 1910లో రాబర్ట్ వుడ్ ప్రకటించిన చిత్రాలలో ఆకాశం నల్లగా, చెట్లు మంచు కప్పినట్లు తెల్లగా ఉన్నాయి. ఆకులోని పత్రహరితం పరారుణాన్ని పీల్చదు. లోపలి కణాలు దానిని వెనుకకు చిమ్ముతాయి. ఫ్లాషు దీపానికి కంటి వెలుగును ఆపే తొడుగు వేస్తే చీకటిలో కూడ ఫోటో తీయవచ్చు. 1940లలో న్యూయార్కు ఛాయాగ్రాహకుడు వీజీ సినిమాశాలలలోని ప్రేక్షకులను ఈ విధంగానే, వారికి తెలియకుండా చిత్రించాడు. ఇందులో ఒక భ్రమకు తావీయరాదు. ఇట్టి ఫిల్ము శరీరపు వేడిని చూపదు. ఫిల్ము హద్దు ఇంచుమించు 9000 ఆంగ్‌స్ట్రాములు; మన ఒంటి వేడి తరంగాలు లక్ష ఆంగ్‌స్ట్రాముల ప్రాంతంలోనివి.

ఈ విద్య రైతుకు అక్కరకు వచ్చింది. తెగులు సోకిన చెట్టు ఆరోగ్యమైన చెట్టువలె పరారుణాన్ని చిమ్మలేదు. 1970లో పిషరోటి బృందం హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముతో కేరళ కొబ్బరితోటలను చిత్రించి వేరుతెగులును గుర్తించింది.

అటుపిమ్మట ఫిల్ము లేని కెమెరా వచ్చింది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. నేడు తిరుపతి జిల్లాలోనిది. 1983 ఏప్రిల్ 17న అక్కడినుండి ఎగసిన రోహిణి ఉపగ్రహం కంటి వెలుగులోను, పరారుణంలోను 2500కు పైగా చిత్రాలు పంపింది. నక్షత్రాల అతినీలలోహితాన్ని వాయుమండలంలోని ఓజోను ఆపుతుంది. నేలమీద ఎంత మంచి ఫిల్మున్నా అది దొరకదు. 2015 సెప్టెంబరు 28న ఆ తీరం నుండే వెళ్ళిన ఆస్ట్రోశాట్, 1300 ఆంగ్‌స్ట్రాముల నుండి ఆ వెలుగును చిత్రించే దూరదర్శినులను ఓజోను పొరకు పైకి మోసుకుపోయింది.

కోడక్ సంస్థ తన నలుపు-తెలుపు పరారుణ ఫిల్ము తయారీని 2007లో ఆపివేసింది. సాధనం మారినా సూత్రం మారలేదు: కంటి వెలుగును ఆపి, కంటికందని వెలుగును మాత్రమే లోనికి రానిచ్చుట.