కళాభవన్, సైఫాబాద్

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకి ఈ చిరునామా బాగా పరిచయం: ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి, కళాభవన్, సైఫాబాద్. ఆ అకాడమీని 1983లో రద్దు చేశారు. సంగీత నాటక అకాడమీ, లలిత కళా అకాడమీ కూడా దాంతోపాటే పోయాయి. రద్దు చేసింది ఎవరో బయటివాడు కాదు, రంగస్థలం మీంచి వెండితెరకి ఎదిగిన నటుడు ఎన్టీఆర్.

అకాడమీలు దండగ ఖర్చు, రాజకీయ పునరావాస కేంద్రాలు అన్నది అప్పటి ఆరోపణ. ఇందులో నిజం బొత్తిగా లేదని నేననను. 1957లో మొదలైన సాహిత్య అకాడమీకి అధ్యక్షుడు బెజవాడ గోపాలరెడ్డి. కవే, కాదనం. కానీ ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన కాంగ్రెస్ నాయకుడు కూడా.

అయితే అక్కడ జరిగిన పని? మాండలిక వృత్తిపదకోశం చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మనుషులు జిల్లాల్లో తిరిగి రైతుల నోటి మాటలు ఏరారు. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. మధ్యలో తొమ్మిదేళ్లు! మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. ఊళ్లో పొలాలు ప్లాట్లవుతుంటే మేడి, నొగ, కర్రు లాంటి మాటల కోసం నేను ఆ పుస్తకమే తిరగేస్తాను.

1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం పుట్టింది. అకాడమీల పనులు అందులోకి చేరాయి. పదకోశాల పని అక్కడా సాగింది, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే విశ్వవిద్యాలయమన్నాక తరగతులు, పరీక్షలు, పట్టాలు. ఉద్యోగి కాని రచయితకి, నటుడికి అందులో చోటెక్కడ?

తెలంగాణ వచ్చాక అకాడమీలు మళ్లీ లేచాయి. సాహిత్య అకాడమీకి తొలి అధ్యక్షుడు నందిని సిధారెడ్డి. సంగీత నాటక అకాడమీకి 2022లో దీపికా రెడ్డి వచ్చారు. 2023 చివర్లో ప్రభుత్వం మారింది, 2024లో అలేఖ్య పుంజాల వచ్చారు. ఇద్దరూ పేరున్న కూచిపూడి కళాకారిణులే, అర్హత గురించి పేచీ లేదు. నా పేచీ కుర్చీతో. అది ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, నామినేటెడ్ పదవుల లెక్కలో పడుతుంది, ప్రభుత్వం మారితే దానికీ గండమే. అలాంటి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఈ ఏడాది ఉత్సవం చేయగలరు, శాలువా కప్పగలరు. తొమ్మిదేళ్లకి అచ్చయ్యే పుస్తకానికి మనుషుల్ని ఊళ్ల మీదకి పంపే ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు?