ఖల్లివెల్లి అంటే ఏంటి? గల్ఫ్‌లో ‘అక్రమం’ ఎక్కడ మొదలవుతుంది?

పాలమూరు వలస అంటే ముంబై, పుణె గుర్తొస్తాయి. గల్ఫ్ దారి ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లది. అయినా కొల్లాపూర్ నుంచి దుబాయ్ ఫ్లైట్ ఎక్కాలనుకునేవాళ్లూ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. అదే ఖల్లివెల్లి.

వీసా ఇచ్చిన యజమానిని, అంటే కఫీల్‌ను వదిలేసి బయట పని చేసుకునే కార్మికుణ్ని గల్ఫ్‌లో మనవాళ్లు అలా పిలుస్తారు. జీతం రాక, పాస్‌పోర్ట్ లాక్కుంటే పారిపోయినవాళ్లూ ఇందులో ఉంటారు. చట్టం దృష్టిలో మాత్రం అందరూ అక్రమ వలసదారులే.

అసలు తప్పు చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. టెన్త్ పాస్ కానివాళ్లది ఈసీఆర్ పాస్‌పోర్ట్. వాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం క్లియరెన్స్ కావాలి. ఏజెంట్ విజిట్ వీసా మీద పంపిస్తే క్లియరెన్స్ ఉండదు, దాంతో వచ్చే రూ.10 లక్షల బీమా కూడా ఉండదు. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హామ్‌ల ఫైన్. ఏడాదికి 18,250 దిర్హామ్‌లు. మన డబ్బుల్లో రూ.4 లక్షల పైమాటే!

2024 సెప్టెంబర్ 1న యూఏఈ ఆమ్నెస్టీ మొదలుపెట్టింది. మొదట రెండు నెలలే అన్నా, డిసెంబర్ 31 వరకు పొడిగించింది. ఫైన్ మాఫీ. బ్యాన్ లేకుండా ఇంటికి రావొచ్చు, లేదా కొత్త ఉద్యోగం చూసుకుని అక్కడే ఉండొచ్చు.

ఇలా మాఫీ చేస్తూపోతే రూల్స్‌కు విలువేముంటుందనే వాదన ఉంది. అది కొట్టిపారేసేది కాదు. కానీ అక్కడ పోలీసులకు దొరికేది కార్మికుడే, పంపిన ఏజెంట్ ఇక్కడే ఉంటాడు.

ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా సర్వీస్ ఛార్జీ రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు.